తువ్వాలు కింద ధర

ముసలమ్మ అడిగింది ఒక్కటే మాట. "నా చేప ఎంతకి పోయింది బాబూ?"

దానికి దళారి ఆమె గంపను కాలితో ఎగరదన్నాడు. తడి గచ్చు మీద అది దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. భుజాన ఐసు దిమ్మతో నేను అక్కడే ఉన్నాను. కిక్కురుమనలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ నన్ను తినేస్తోంది, అందుకే మీకు దాంతోనే మొదలుపెడుతున్నాను.

మీలో మిల్లుల్లో పనిచేసేవాళ్ళున్నారు, కాలేజీ పిల్లలున్నారు. రేవులో చేపల వేలం ఎలా జరిగేదో వినండి. షెడ్డులో చేప గుట్టలుగా పోస్తారు. దళారి ఎడమచేతి మీద తువ్వాలు కప్పుకుని గుట్ట పక్కన నిలబడతాడు. షావుకార్లు ఒక్కొక్కరే వచ్చి తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చి అతని వేళ్ళు పట్టుకుంటారు. ఏ వేలు నొక్కితే ఎంతో వాళ్ళకే తెలుసు. నోరు విప్పేవాడు ఒక్కడుండడు. చివరికి దళారి "ఫలానా ఆయనకి కొట్టేశాను" అంటాడు. ఎంతకో అమ్మినవాళ్ళకి మధ్యాహ్నం చెబుతారు. మిగతావాళ్ళు ఎంత పెట్టారో చచ్చినా చెప్పరు. ప్రాణాలకు తెగించి పట్టిన సొమ్ముకి గుడ్డ కింద బేరం! దొంగసొమ్మైనా ఇంతకన్నా మర్యాదగా అమ్ముడవుతుంది.

ఆ గంప ఎత్తి ముసలమ్మ చేతికిచ్చింది మా అక్క. బావ సముద్రంలో పోయాక పడవ బాధ్యత అక్కదే. పడవ నడిపే సరంగు, నలుగురు కూలీలు, వాళ్ళ ఇళ్ళు, అన్నీ ఆ ఒక్క పడవ మీదే.

మధ్యాహ్నం వలలు బాగుచేసే పాకలో అందరూ చేరారు.

"పైకి పాడితేనే అమ్మాలి. నలుగురూ వినేలా, నోటితో," అంది అక్క.

"పాడకపోతే ఏం చేస్తావమ్మా? చేపేమన్నా ఇనప ముక్కా, అటక మీద పడేసుకోడానికి?" అన్నాడు వలలల్లే ఆయన.

"ఐసులో పెడితే మూడ్రోజులు ఆగదా?"

"ఐసెవడిది? పెద్ద షావుకారుది! వాణ్ణి ఎదిరించడానికి వాడే ఐసిస్తాడా? బాగుంది సంబడం!"

అందరూ నవ్వారు. నవ్వి, ఆ షావుకారు ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే నావైపు చూశారు. నేను తల దించుకున్నాను. అయినా చేతులు లేచాయి. ముసలమ్మ చెయ్యే ముందు లేచింది.

మర్నాడు ఒక్క గుట్ట కూడా అమ్మలేదు. షావుకార్లు కుర్చీలేసుకుని బీడీలు కాల్చుకుంటూ కూర్చున్నారు. వాళ్ళకేం తొందర? సరిగ్గా అప్పుడే, మూడు నెలలుగా ఉత్త వలలు లాక్కొస్తున్న అక్క పడవ నిండుగా వచ్చింది. ఆ చేప అమ్ముడైతే పడవ మళ్ళీ సముద్రానికి పోతుంది. కుళ్ళితే డీజిలు లేదు, పడవ లేదు, ఐదిళ్ళలో పొయ్యి లేదు.

ఆ సాయంత్రమే ఐసు ఫ్యాక్టరీ గేటుకి తాళం పడింది. షావుకార్లకు తప్ప ఎవరికీ దిమ్మ ఇవ్వొద్దన్నారు.

మూడోనాటి పొద్దుటికే వాసన మొదలైంది. సరంగు అక్క ముందు చేతులు జోడించాడు.

"చెల్లెమ్మా, ఈ ఒక్కసారికి తువ్వాలు వెయ్యనీ. పిల్లల మొహాలు చూడలేకపోతున్నా."

"నాకు మాత్రం కడుపు కాలట్లేదా అన్నా? ఇవాళ వేయనిస్తే మన మనవల దాకా ఆ గుడ్డ కిందే ఉంటారు," అంది అక్క. అని భోరుమంది.

నేను అక్కడ నిలబడలేకపోయాను. పరుగున ఫ్యాక్టరీకి వెళ్ళి మా ఐసు కూలీలు పదకొండుమందినీ పోగేశాను.

"వాళ్ళ గొడవ మనకెందుకురా?" అన్నాడు మిషను దగ్గర చేసేవాడు. "దిమ్మ చిన్నదైందని మనల్ని బూతులు తిట్టింది వాళ్ళు కాదూ?"

"దిమ్మ చిన్నది చేసింది నువ్వా, నేనా? ఐసు పోసే అచ్చులు మార్చి చిన్నవి తెప్పించింది ఎవడు?"

"షావుకారే."

"మరి తిట్లు తిన్నది ఎవరు?"

అతను ఐసు పగలగొట్టే గునపం తీసుకుని గేటు దగ్గరికి నడిచాడు. రెండు దెబ్బల్లో తాళం ఊడింది. దిమ్మలు భుజాన వేసుకుని రోడ్డు మీద పరిగెత్తాం. మమ్మల్ని చూసి ఆడవాళ్ళు ఏడుస్తూ ఎదురొచ్చారు. కానీ ఆలస్యమైపోయింది. అక్క చేపలో సగం అప్పటికే మెత్తబడిపోయింది.

మా వెనకాలే పోలీసులు దిగారు. రేవు అధికారి కాగితం చదివాడు: వేలం ఆనవాయితీ ప్రకారమే జరగాలి, అడ్డుపడితే అరెస్టు. లాఠీల మధ్య దళారి అక్క గుట్ట దగ్గరికొచ్చి చేతి మీద తువ్వాలు కప్పుకున్నాడు.

అక్క దాన్ని లాగి అవతల పారేసింది.

"నా చేప! నేనే పాడతాను! కిలో పది రూపాయలు! ఎవరిదయ్యా పైపాట?"

పోలీసులు అక్కని జుట్టు పట్టుకుని ఈడ్చారు. నేను అడ్డుపడితే నా వీపు పగిలింది. అప్పుడు వెనక నుంచి సైకిలు మీద వీధులు తిరిగి చేపలమ్మే మనిషి, జన్మలో వేలంలోకి ఎవరూ రానివ్వని మనిషి, కేకేశాడు.

"పదకొండు!"

"నువ్వెవడివిరా?" అన్నాడు దళారి.

"కొనేవాణ్ణి! కనపడట్లేదా?"

"పన్నెండు!" అంది ఒక గంపలామె. "పన్నెండున్నర!" అంది ఆమె తోడికోడలు. మమ్మల్ని జీపులో కుక్కుతుంటే పాట పద్నాలుగు దాటింది. కుళ్ళిన చేపకి కుళ్ళు ధరే. దాంతో డీజిలు రాదని అక్కకి తెలుసు, నాకూ తెలుసు. పడవ కట్టుకొయ్యకే ఉండిపోయింది. అయినా ఆ షెడ్డులో నలుగురూ విన్న మొదటి ధర అదే.

స్టేషనులో ఆడవాళ్ళనొక గదిలో, మమ్మల్నొక గదిలో పడేశారు. మధ్యలో గోడ. రెండు రోజులు అక్క గొంతు వినపడలేదు. చచ్చిపోయిందేమోనని నేను గోడకేసి తల బాదుకున్నాను.

మూడోరోజు పొద్దున రోడ్డు మీద గోల. ఖాళీ గంపలతో ఆడవాళ్ళు స్టేషను ముందు నుంచి పోతున్నారు.

"అక్కోయ్! సైకిళ్ళవాళ్ళ పోటీకి తట్టుకోలేక ఇవాళ పెద్ద షావుకారే నోరు తెరిచి పాడాడే! కిలో నలభై!"

"నోరు ముయ్యండే!" అని కానిస్టేబులు బయటికి ఉరికాడు.

గోడ అవతల ఎవరో దగ్గారు. గొంతు సవరించుకున్నారు. తర్వాత మా అక్క, స్టేషను మొత్తం వినేలా అరిచింది.

"నలభయ్యేనా? చాలదు! ఇవ్వొద్దని చెప్పండే! ఇంకా పాడించండి!"