చొక్కా జేబులో తూటాలు

పందెం రోజు ఉదయం రెజాన్ ద్యుబేకి తిండి సయించలేదు. అక్క వేడివేడిగా పోసిపెట్టిన ప్లోయ్ అట్ల మీద వెన్న కరిగి, చల్లారి, మళ్ళీ గడ్డకట్టింది. ఆయన మాత్రం కిటికీ బయట వేలాడే థర్మామీటరు వంకే చూస్తూ కూర్చున్నాడు. రాత్రికి రాత్రే పాదరసం అడుగంటింది. అమెరికాలో, ఉత్తర మెయిన్ రాష్ట్రంలో పుట్టినవాడు చలికి భయపడడు. రెజాన్ భయమల్లా ఆ చలి తూటాలను ఏం చేస్తుందోనని.

ఆయన మేనకోడలు డెల్ఫీన్‌కి పందొమ్మిదేళ్ళు. వీపున తుపాకి తగిలించుకుని మంచు మీద స్కీలతో పరిగెత్తి, ఊపిరి అందని స్థితిలో ఆగి, యాభై మీటర్ల దూరాన ఉన్న నల్ల బిళ్ళలను కొట్టే బయథ్లాన్ ఆమె ఆట. యూరప్ వెళ్ళే జూనియర్ జట్టులో ఇంక ఒక్క చోటే మిగిలింది. దానికోసం ఇద్దరే పోటీ: డెల్ఫీన్, ఫెర్నాన్ సీర్ కూతురు నోయెలి. ఇంతవరకు జరిగిన పందాల్లో ఇద్దరూ సమానంగా ఉన్నారు. ఇవాళ ఎవరు ముందొస్తే వాళ్ళు విమానం ఎక్కుతారు, రెండోవాళ్ళు ఇంట్లో కూర్చుని టీవీలో చూస్తారు.

పరుగెత్తడం డెల్ఫీన్ పని. తూటాలు ఎంచడం మామయ్య పని. ఇదేదో చిల్లర పని అనుకునేవాళ్ళు వాళ్ళుండే లోయలో ఎవరూ లేరు. ఆ తుపాకిలో వాడేది చిటికెన వేలి గోరంత సీసపు ముక్క, దాని మీద పల్చటి మైనం పూత. కంపెనీ ఒకటే, పెట్టె రంగు ఒకటే, కాని ఈ వారం తయారైన లాటుకీ వచ్చే వారం లాటుకీ పొంతన ఉండదు. పైగా ప్రతి తుపాకి గొట్టానికీ సొంత ఇష్టాయిష్టాలు. పక్కింటి తుపాకి మెచ్చిన లాటును మన తుపాకి ఛీకొడుతుంది. పెళ్ళి సంబంధాలు చూసినట్టు ఒక్కో లాటునూ గొట్టానికి చూపించి, నచ్చిందో లేదో కనిపెట్టాలి తప్ప వేరే దారి లేదు. చలికాలం మొదలైనప్పటి నుంచి రెజాన్ క్లబ్బు మైదానంలో ఇనప చట్రానికి తుపాకి బిగించి అదే పని మీద ఉన్నాడు. ఏడు లాట్లు చూశాడు. నాలుగోది బాగానే ఉందనిపించింది. ఏడోదయితే తూటాలన్నీ ఒకే చిల్లులోంచి దూరినట్టు దూరిపోయాయి. దుకాణంలో ఉన్న ఏడో లాటంతా తెచ్చేసుకుని, మిగిలిపోయిన నాలుగో లాటు పెట్టెలు ఫెర్నాన్ చేతిలో పెట్టాడు. "మీ అమ్మాయి ప్రాక్టీసుకి పనికొస్తాయిలే" అన్నాడు కూడా. ఆ మాట అన్నప్పుడు తనలో తాను కాస్త మురిసిపోయాడని చెప్పక తప్పదు.

ఇంత పట్టుదల ఎందుకో క్లబ్బులో అందరికీ తెలుసు. డెల్ఫీన్ వయసులో ఉండగా రెజాన్ కూడా ఇలాంటి ఎంపికకే వెళ్ళాడు. ఆఖరి తూటా తప్పింది, జట్టులో చోటు పోయింది. ఆ తూటాల పెట్టె చెడ్డదని అప్పటి నుంచి చెబుతూనే ఉన్నాడు. పెళ్ళిళ్ళలో చెప్పాడు, చేపలు పట్టే చోట చెప్పాడు, ఒకసారి దినానికి వెళ్ళి అక్కడా చెప్పాడు. కథలో ఏ మాట దగ్గర నిట్టూరుస్తాడో కుర్రకారు ముందే నిట్టూర్చి చూపించేవారు. అలాంటి పెట్టె మేనకోడలి చేతిలో పడకూడదన్నదే ఆయన బతుక్కి ఆశయమైపోయింది.

మైదానానికి చేరేసరికి ఎండ వచ్చింది కాని వేడి రాలేదు. ముక్కులోని తడి గడ్డకట్టి చురుక్కుమంటోంది. పందేనికి ముందు అందరూ కాగితం మీద కాల్చుకుని గురి సరిచూసుకోవడానికి కాసేపు గడువిస్తారు. డెల్ఫీన్ చాప మీద బోర్లా పడుకుంది. రెజాన్ వెనక నిలబడి దుర్భిణికి కన్ను ఆనించాడు.

మొదటి అయిదు తూటాలు కాగితం మీద నిలువునా చీలిపోయాయి. రెండు పైన, ఒకటి మధ్యలో, రెండు కింద.

"ఊపిరి కుదరట్లేదు మామయ్యా, ఇంకోసారి కాలుస్తా" అంది డెల్ఫీన్.

ఇంకోసారీ అంతే. అడ్డంగా తేడా లేదు, నిలువునా చీలిక. చలికి తట్టుకోలేని తూటా చేసే పనే అది. ఏడో లాటు ఇలా చేయడానికి వీల్లేదు. ఇనప చట్రం మీద, ఇదే మైదానంలో, ఇంతటి చలి రోజే కదా దాన్ని చూసింది.

ఇంకో పెట్టె తీద్దామని అలవాటుగా చెయ్యి కోటు లోపలికి, చొక్కా జేబులోకి పోయింది. పెట్టె వెచ్చగా తగిలింది.

అక్కడే ఆయనకు విషయం అర్థమైంది. కుందేళ్ళ వేటకు వెళ్ళినప్పుడు తూటాలు గుండెకు ఆనించి పెట్టుకోవడం ఆ లోయలో తాతల నాటి అలవాటు. మంచులో వేళ్ళు కొంకర్లు పోకుండా, తూటా వెచ్చగా చేతికందుతుంది. నాన్న అలాగే పెట్టుకునేవాడు, రెజాన్ కూడా ఆలోచించకుండా అదే చేస్తాడు. ఏడో లాటు చూసిన రోజు మరీ చలి. మిగతా లాట్లన్నీ మంచులో బల్ల మీద పడి ఉండగా చూశాడు. దీన్ని మాత్రం చొక్కా జేబులోంచి ఒక్కొక్కటే తీసి వేశాడు. మైనం మెత్తగా ఉన్న వెచ్చటి తూటా బాగా పోయిందంటే అందులో వింతేముంది? పందెంలో తూటాలు నింపిన మ్యాగజైన్లు ఉండేది తుపాకి పక్కన, గాలికి ఎదురుగా. చలికాలమంతా ఇంత గొప్పగా పరీక్షలు పెట్టిన మనిషి చివరికి పరీక్షించింది తన ఒంటి వేడిని.

ఇప్పుడేం చేయాలి? చెబితే పిల్ల మనసులో అనుమానం పడుతుంది. కాల్చేవాడి మనసులో పడిన అనుమానం గొట్టంలో పడిన తుప్పు కంటే చెడ్డది, ఎంత తుడిచినా పోదు. చెప్పకపోతే ఈ తూటాలతోనే బరిలోకి దిగుతుంది. పడుకుని కాల్చేటప్పుడు బిళ్ళ చాలా చిన్నది, ఈ చీలికకు కనీసం రెండు తప్పుతాయి. తప్పినప్పుడల్లా శిక్షగా అదనపు చుట్టు తిరగాలి. రెండు చుట్లు తిరిగితే నోయెలిని అందుకోవడం కల్ల. ఆ చలిలో రెజాన్ నడినెత్తిన ఎండ కొట్టినవాడిలా నిలబడిపోయాడు.

పక్క చాప మీద నోయెలి కాలుస్తోంది. ఉండబట్టలేక ఆయన దుర్భిణి అటు తిప్పి ఆ కాగితం చూశాడు. తూటాలన్నీ చొక్కా గుండీ కింద దాగేంత చోటులో ఉన్నాయి. ఆమె చాప పక్కన మంచులో తెరిచి ఉన్న పెట్టె మీద సుద్దతో వేసిన నాలుగంకె కనిపించింది. అది తన చేతి రాతే.

డెల్ఫీన్‌ను కాసేపు చేతులు వెచ్చబెట్టుకోమని చెప్పి, రెజాన్ ఫెర్నాన్ దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరూ ఒక బళ్ళో చదివారు, ఒకే బస్సులో పందేలకు వెళ్ళారు. ఆడపిల్లలిద్దరూ పోటీకి దిగాక మాత్రం పలకరింపులు పొడిపొడిగా అయిపోయాయి.

"ఆ లాటు ఒక పెట్టె కావాలిరా" అన్నాడు రెజాన్, కళ్ళు మంచులోనే పెట్టుకుని.

ఫెర్నాన్ దుర్భిణి అద్దం తాపీగా తుడుచుకున్నాడు.

"ప్రాక్టీసుకి పనికొస్తాయని దానం చేసినట్టున్నావు?"

"అన్నాను. బుద్ధి గడ్డి తిని అన్నాను. ఏడో లాటు చలికి చీలిపోతోంది."

ఫెర్నాన్ కూతురి వంక చూశాడు. పెట్టె ఇవ్వడమంటే ఏమిటో ఆయనకు తెలియదా? ఇవ్వకపోతే యూరప్ చోటు సగానికి పైగా ఆయనింట్లో ఉన్నట్టే. రెజాన్‌కి అడిగినందుకు సిగ్గేసింది, అయినా కదల్లేదు. ఇంకోవైపు గడువు కరిగిపోతోంది.

"ఏడోది చూసిన రోజు నేనూ మైదానంలోనే ఉన్నా" అన్నాడు చివరికి ఫెర్నాన్, గొంతు తగ్గించి. "నువ్వు జేబులోంచి తీసి వేస్తుంటే చూశా. చెబుదామనే వచ్చా. ఇంతలో నువ్వు ఆ పెట్టెలు నా చేతిలో పెట్టి ప్రాక్టీసుకన్నావు. నాకు ఒళ్ళు మండింది. అఘోరించమని ఊరుకున్నా. అప్పట్నుంచి నాకూ నిద్ర సరిగ్గా పట్టట్లేదు, చాలా?"

వంగి మంచులోంచి ఒక నిండు పెట్టె తీసి ఇచ్చాడు. చెయ్యి వెనక్కి లాక్కుంటూ, మళ్ళీ జేబులో పెట్టేవు, చేత్తోనే పట్టుకుపో అన్నాడు.

రెజాన్ పెట్టెను రెండు వేళ్ళతో పట్టుకుని, వేడి పెనం మోస్తున్నవాడిలా పరుగెత్తాడు. డెల్ఫీన్ దగ్గరికి చేరాక, దారిలో అల్లుకున్న అబద్ధాలేవీ నోటికి రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. ఆమె మొహం పాలిపోవడం చూశాడు. కోప్పడుతుందనుకున్నాడు, కోప్పడితే బాగుండుననుకున్నాడు.

"ఇంకా ఎంత టైముంది?" అని మాత్రం అడిగింది.

చాలా తక్కువ ఉంది. లాటు మారితే గొట్టం లోపలి మైనం మారాలి. ముందు కొన్ని తూటాలు కాగితంతో పనిలేకుండా కాల్చి పారేయాలి, ఆ తర్వాతే గురి చూసుకోవాలి. ఆమె గబగబా కాల్చి పారేసింది. తర్వాత వేసిన అయిదూ దగ్గర దగ్గరగా కూర్చున్నాయి, కాని ఎడమకు జరిగాయి. రెజాన్ చెప్పినట్టు గురి సరిచేసే మర తిప్పి మళ్ళీ వేసింది. గుంపు మధ్యకు వచ్చింది. అంతలోనే గడువు ముగిసిందని కేక వినిపించింది. ఇంకో అయిదు వేసి ఉంటే నమ్మకం కలిగేదని రెజాన్ అనుకున్నాడు.

పందెం మొదలయ్యాక ఆయన కంచె పట్టుకుని నిలబడ్డాడు. డెల్ఫీన్ మొదటి చుట్టు తిరిగి వచ్చి పడుకుంది. అయిదు దెబ్బలు, అయిదు నల్ల బిళ్ళలూ తెల్లబడ్డాయి. రెజాన్ అప్పుడు ఊపిరి తీసుకున్నాడు. నోయెలి కూడా అయిదూ కొట్టింది. పరుగులో డెల్ఫీన్‌దే పైచేయి, అది అందరికీ తెలిసిందే. నిలబడి కాల్చే వంతు కూడా గడిస్తే చాలు.

రెండో చుట్టు నుంచి ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి వచ్చి పక్క పక్క వరుసల్లో నిలబడ్డారు. డెల్ఫీన్ ఒకటి కొట్టింది, రెండు కొట్టింది, మూడు, నాలుగు. అయిదో దానికి ఆగింది. ఆగడం రెజాన్‌కి నచ్చలేదు. గొట్టం చివర కొద్దిగా ఊగింది. మోత వినిపించింది. బిళ్ళ నల్లగానే ఉంది.

ఆమె శిక్ష చుట్టు తిరుగుతుండగా నోయెలి అయిదూ కొట్టేసి అడవి దారిలోకి వెళ్ళిపోయింది. డెల్ఫీన్ ప్రాణం పెట్టి పరుగెత్తింది. చివరి మలుపులో నోయెలి వీపు అందేంత దూరానికి వచ్చింది, కాని గీత ముందు దాటింది నోయెలే.

రెజాన్ దుప్పటి పట్టుకుని గీత దగ్గరికి పరుగెత్తాడు. దారి పొడుగునా కారణాలు పేర్చుకుంటూనే ఉన్నాడు. గొట్టానికి కొత్త మైనం పూర్తిగా పట్టి ఉండదు. పెట్టె తన చేతి వేడికి ఒకవైపు వెచ్చబడి ఉంటుంది, ఆఖరి తూటా ఆ వైపుదే అయి ఉంటుంది. తప్పు తనదే, తన జేబుదే. పిల్లకు ఆ మాట చెబితే కాస్త తేలిక పడుతుంది కదా అనుకున్నాడు.

డెల్ఫీన్ మంచులో మోకాళ్ళ మీద కూలబడి ఉంది. దుప్పటి కప్పుతూ ఆయన మొదలుపెట్టాడు. "ఆ ఆఖరిది తూటా వల్లేనమ్మా. నేను చివరి నిమిషంలో మార్చడం వల్ల…"

"కాదు మామయ్యా." ఆయాసంతో మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "నోయెలి ఎన్ని కొట్టిందో అని పక్కకి చూశా. చూసి ట్రిగ్గరు లాగేశా. తూటా నేను పంపిన చోటికే పోయింది. అది నాదే."

ఆమె ఏడుస్తూనే అంది. రెజాన్ ఆమె భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. పాతికేళ్ళు దాటిన తన ఆఖరి తూటా కళ్ళ ముందు మెదిలింది. అప్పుడు తనూ పక్కకి చూశాడు. పక్క వరుసలో ఉన్నది ఫెర్నాన్.

మధ్యాహ్నం క్లబ్బు గదిలో పొయ్యి చుట్టూ అందరూ బఠాణీ సూపు తాగారు. ఫెర్నాన్ కూతురి పక్కనే కూర్చున్నా మొహం విప్పారలేదు. నోయెలి లేచి వచ్చి డెల్ఫీన్‌ను గట్టిగా పట్టుకుని, మళ్ళీ వెళ్ళి కూర్చుంది. రెజాన్ ఆ పెట్టెలో మిగిలిన తూటాలు తెచ్చి ఫెర్నాన్ ముందు పెట్టాడు. యూరప్‌లో మీ అమ్మాయికి అవసరమవుతాయి, లాటు మళ్ళీ దొరకదు అన్నాడు.

గదిలో బరువు తగ్గించాలనో ఏమో, కుర్రాళ్ళలో ఒకడు అందుకున్నాడు. "రెజాన్ బాబాయ్, మీ పెట్టె కథ చెప్పండి. నిట్టూర్చడానికి మేం రెడీ."

డెల్ఫీన్ తలెత్తి మామయ్య వంక చూసింది. ఫెర్నాన్ కూడా చూశాడు. రెజాన్ సూపు గిన్నె కింద పెట్టి, చాలాసేపు మీసం తుడుచుకున్నాడు.

"పెట్టె మంచిదేరా" అన్నాడు.

ఈసారి ఎవరూ నిట్టూర్చలేదు. డెల్ఫీన్ తన గిన్నె పట్టుకుని వచ్చి ఆయన పక్కన చోటు చేసుకుని కూర్చుంది.