బాణం గుర్తు లేని అట్ట

అక్క చనిపోయిన నెలకి, నా తరగతి బీరువాలోంచి అట్ట ఘనం ఒకటి కిందపడి మూల విడిపోయింది. లోపలి వైపు పెన్సిలుతో గీసిన చిన్న బాణం కనిపించింది. పిల్లలకి చూపించే ఆకారాలన్నీ అట్టతో అక్కే చేసి ఇచ్చింది. పాతికేళ్ళు అట్టపెట్టెల కార్ఖానాలో పనిచేసిన మనిషి. ఆ బాణం సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. లోపల ఉందని తెలిస్తే కదా.

ఆరు పక్కల పట్టకం చేయడానికి ఆమె తెచ్చుకున్న అట్టలు రెండు బల్ల మీద మిగిలాయి. మొదటిదాని మీద బాణం ఉంది. నేను దాన్ని పట్టించుకోకుండా, కొలత ఎటు కుదిరితే అటు గీసి మడిచాను. మడతమడతకీ పైపొర చిట్లి, బూడిదరంగు పీచు బయటపడింది. రెండోదాని మీద బాణం లేదు. అది కూడా పాడుచేస్తే, అక్క తలపెట్టిన పని ఆమె తెచ్చిన అట్టతో ఇక పూర్తికాదు.

రెండూ చంకలో పెట్టుకుని కార్ఖానాకి వెళ్ళాను. అక్క పక్కనే మడత యంత్రం మీద పనిచేసినావిడ, చిట్లిన అట్ట చూసి నాలుక కరుచుకుంది.

“అయ్యో మాస్టారూ, బాణానికి అడ్డంగా మడిచారేంటండీ? మీ అక్క చూస్తే వీపు విమానం మోత మోగించేది.”

“ఆ బాణం ఏమిటో నాకు తెలీదమ్మా.”

“అందరి పిల్లలకీ పాఠాలు చెప్తారు, ఇంట్లో పాఠం మాత్రం వినలేదన్నమాట!” అని నవ్వబోయి ఆగింది.

తర్వాత చిట్లిన మడతని వేలితో విప్పి చూపించింది. “పాత కాగితాలు నానేసి గుజ్జు చేస్తారు కదండీ. ఆ గుజ్జు జల్లెడ మీద పరిగెడుతుంటే పీచు చాలామటుకు ఒకే వైపుకి తిరుగుతుంది, కాలవలో పడ్డ గడ్డిపోచల్లాగ. అలాంటి పొరలు ఒకదాని మీద ఒకటి వేసి, నొక్కి ఆరబెడితే అట్ట. పీచు వెంబడి మడిస్తే మాట వింటుంది. అడ్డం వెళ్తే విరుగుతుంది. బాణం ఆ పీచు దారి.”

బూడిదరంగులో ఎక్కడైనా ఆ పాత కాగితాల అక్షరం ఒకటి మిగిలిందేమోనని వంగి చూశాను. నల్లటి చుక్కలు తప్ప ఏమీ లేవు.

“మరి బాణం లేనిదాన్ని పోల్చుకోవడం ఎలా?”

“కళ్ళు మూసుకుని అటూ ఇటూ కొంచెం వంచండి. ఎటు లొంగితే మడత అటే.”

తుక్కులోంచి ఐదు ముక్కలు తీసి ఇచ్చింది. మూడు తప్పు చెప్పాను.

“గోడకుర్చీ వేయించనా మాస్టారూ? అయినా ఆ ఒక్క అట్ట కోసం ఇంత బెంగెందుకు? ఇక్కడ అట్టలకేం కొదవ, ఇంకోటి పట్టుకెళ్ళండి.”

“ఇది అక్క తెచ్చుకుందమ్మా.”

ఆవిడ మళ్ళీ తుక్కులోకి వంగింది. ఇంకో ఐదు ముక్కలు తీసింది. ఈసారి ఐదూ సరిపోయాయి. అప్పుడు అక్క అట్టని చేతుల్లోకి తీసుకుని, కళ్ళు మూసుకుని వంచాను. పొడుగు వైపు లొంగింది. ఆవిడ జేబులోంచి పెన్సిలు తీసి నా చేతిలో పెట్టింది. బాణం నేనే గీశాను.

ఆ సాయంత్రం మడతలన్నీ మడిచాను. ఒక్కటీ చిట్లలేదు. అతికించాక చూసుకుంటే బాణం బయటికి వచ్చింది. అక్కవి లోపల ఉండేవి. చెరిపేద్దామని రబ్బరు తీసి, చెరపకుండానే మళ్ళీ సొరుగులో పెట్టేశాను.

మర్నాడు తరగతిలో ముందు బల్ల అమ్మాయి పట్టకాన్ని తిప్పితిప్పి చూసింది.

“సార్, ఈ బాణం ఏంటండీ?”

కార్ఖానాలో అడిగి తెచ్చుకున్న అట్టముక్కలు సంచిలోంచి తీసి తలా ఒకటి ఇచ్చాను.

“ముందు కళ్ళు మూసుకోండి,” అన్నాను.