కూడలి దగ్గర ఏమీ జరగలేదు

ఊరి బయటి కూడలిలో నాది పంక్చర్ల షాపు. నాలుగు రోడ్లూ నా కళ్ళ ముందే కలుస్తాయి. మూలనున్న మొక్కజొన్న చేను ఏపుగా పెరిగితే, అటునుంచి వచ్చే బండి మీద పడేదాకా కనిపించదు. వారానికి ఒకడైనా పడతాడు. పరిగెత్తి లేపేది నేనే, ఇద్దరి మధ్యా నిలబడి సర్దిచెప్పేదీ నేనే. "పోలీసులెందుకయ్యా, స్టేషన్ చుట్టూ తిరిగే ఓపిక ఎవరికుంది?" అని చేతులు కలిపించి పంపేస్తాను. పదేళ్ళుగా ఇదే నా పెద్దరికం. అందరూ నన్ను జడ్జీగారంటారు. సిగ్గులేకుండా మురిసిపోయాను కూడా.

నా కూతురు నర్సింగ్ కాలేజీలో చేరింది. సైకిలు మీద ఆ కూడలి దాటే వెళ్ళాలి. స్పీడ్ బ్రేకర్లు వేయించమని అర్జీ పట్టుకుని రోడ్ల ఆఫీసుకు వెళ్ళాను.

ఇంజనీరు కంప్యూటర్లో చూశాడు. "అక్కడ ఒక్క యాక్సిడెంటూ లేదే పెద్దాయనా!"

"లేకపోవడమేంటండీ? ఈ చేతుల్తో ఎత్తాను!"

"కేసు నమోదైతేనే మాకు తెలిసేది. ఒక్కటి చూపించండి, పైకి రాస్తాను."

ఒక్కటి! అన్నిటినీ లేకుండా చేసింది నేనే కదా. దెబ్బలు తిన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఒక్క కేసైనా పెట్టమని బతిమాలాను. "ఇప్పుడెందుకులెండి జడ్జీగారూ, మీరేగా వద్దన్నారు" అని నవ్వారు.

పోయిన మంగళవారం పొద్దున పాల వ్యాను నా కూతుర్ని గుద్దేసింది. కాలు రెండుచోట్ల విరిగింది. వ్యాను నడిపింది నా బావమరిది. దాన్ని చిన్నప్పుడు భుజాల మీద తిప్పిన మేనమామ. "చేను అడ్డమొచ్చింది బావా, కనపళ్ళేదు, ఒట్టు" అంటూ ఆసుపత్రి వరండాలో కూలబడి ఏడుస్తున్నాడు.

పోలీసాయన కాగితాలు పట్టుకుని మంచం దగ్గరికొచ్చాడు. నా భార్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "లైసెన్సు పోతే తమ్ముడి పిల్లలు ఏమైపోతారండీ? మీ కాళ్ళు పట్టుకుంటాను."

కూతురు నా వంకే చూస్తోంది. "ఒక్కటి కావాలన్నారుగా నాన్నా. నాది రాయించు."

"ఎలా జరిగిందయ్యా?" అన్నాడు పోలీసాయన.

పదేళ్ళ అలవాటు. నాలుక దానంతటదే తిరిగింది. "సైకిలు మీంచి పడిందండీ."

ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. నేను తలెత్తలేకపోయాను. "కాలు బాగయ్యాక రోజూ నేనే దగ్గరుండి దాటిస్తానమ్మా" అన్నాను.

"మరి మిగతావాళ్ళని?" అంది.