ఖాళీ తక్కెడలో బరువు

సరుకు తూచే ముందు ఖాళీ తక్కెడ ఎత్తి, తట్టలు సమంగా ఉన్నాయో లేదో పాసంగం చూసుకోవడం షావుకారుకి చిన్ననాటి అలవాటు. పెళ్లిచూపుల్లో తననీ అలాగే చూశాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. అలాంటివాడు ఇంటర్నెట్‌లో తరుగు వస్తే ఊరుకుంటాడా? ఎప్పుడు కొలిచినా చెప్పిన వేగం కంటే తక్కువే తూగుతోంది. ఈసారి లెక్క తేలకపోతే లైను పీకించేస్తానని కేబుల్ మేస్త్రిని పిలిపించాడు.

మేస్త్రి పద్ధతీ పాసంగం లాంటిదే. ఇంట్లో ఫోన్లూ టీవీ అన్నీ ఆపించి, నెట్ పెట్టెకి తన ల్యాప్‌టాప్‌ను వైరుతో తగిలించి కొలిచాడు. తరుగు తరుగులాగే ఉంది.

“లైను తప్పు కాదండీ, ఇంకేదో తాగేస్తోంది,” అంటూ పెట్టెకి తగులుకున్న పేర్లు వెతికాడు. “చిన్నోడు ఎవరండీ? ఆయనది ఆపలేదు.”

షావుకారు ఆ పేరు వైపు వంగి చూశాడు. చిన్నోడంటే తమ్ముడు. పోయిన ఎండాకాలంలోనే కన్నుమూశాడు. ఆపించినవన్నీ బతికున్నవాళ్లవి.

ఒక్క నొక్కుతో ఆ పేరు తీసేస్తానన్నాడు మేస్త్రి. ఆగమని చెప్పి షావుకారు మేడ మెట్లెక్కాడు.

తమ్ముడి గదిలో కిటికీలు మూసి ఉన్నాయి. బల్ల మీద తమ్ముడి ఫోను ఛార్జరుకి తగిలించి, ఖాళీ మంచం వైపు తిప్పి ఉంది. వీడియో కాల్ తెరలో తమ్ముడి భార్య, ఆఫీసు బల్ల దగ్గర తల వంచుకుని పని చేసుకుంటోంది. మళ్లీ ఉద్యోగానికి వెళ్తే మనసు కుదుటపడుతుందని ఆమెని పంపింది షావుకారే. కుదుటపడిందనే లెక్కేసుకున్నాడు కూడా.

అడుగుల చప్పుడుకి ఆమె తలెత్తింది. మసకలో అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పోలిక.

“వచ్చారా?” అంది, ఇదివరకు భర్తని రోజూ అడిగిన గొంతుతోనే.

అవునంటే దొంగ తూకం. కాదంటే ఆ ముఖం చూడాలి. షావుకారు వెనక్కి తగ్గి తలుపు మూయబోయాడు.

“మూసెయ్యకండి బావగారూ,” అంది ఆమె, ఈసారి నెమ్మదిగా.

తలుపు తీసే ఉంచాడు.

కింద మేస్త్రి వేలు ఇంకా ఆ పేరు దగ్గరే ఉంది. “తీసెయ్యనా?”

“వద్దులే. తూకం సరిపోయింది,” అని ల్యాప్‌టాప్ మూత తనే దించేశాడు షావుకారు.

పైనుంచి, ఎక్కడో దూరపు ఆఫీసులో ఎవరో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు మెట్ల దాకా వస్తూనే ఉంది.