నీళ్ళలో నానిన కవరు

నా భార్య చేతిరాతను మా తోడల్లుడు వేడినీళ్ళలో కలిపేశాడు. కావాలని చేయలేదని అందరూ అంటారు. చేశాడు. నాకు అంతే.

ఆమె రాసినది ఒక్కటే మిగిలింది. పెళ్ళికి ముందు నాకు పంపిన ఉత్తరం తాలూకు కవరు. లోపలి కాగితం ఎప్పుడో చెదల పాలైంది. కవరు మీద నా పేరు, చిరునామా సిరాతో రాసి ఉండేవి. మొదటి వరుస మరీ పెద్దగా మొదలుపెట్టి, చోటు చాలక, చివరి వరుసను అంచు వెంట పైకి ఎక్కించింది. మూలన వాళ్ళ తాత డబ్బాలోంచి తీసిన పాత స్టాంపు. కిరీటం పెట్టుకున్న రాజు తల. అదీ వంకరగా అంటించింది. పెళ్ళయ్యాక ఒకే ఇంట్లో ఉన్నాం. ఉత్తరాలతో పని లేకపోయింది.

ఆమె పోయాక దాన్ని అద్దాల బీరువాలో నిలబెట్టాను. ఆమె చెల్లెలు మొగుడితో నన్ను చూడ్డానికొచ్చింది. వాడికి స్టాంపులు పోగేసే పిచ్చి. బీరువా ముందు నిలబడిపోయాడు.

"అన్నయ్యా, ఇది మామూలు ఎరుపు కాదు. ఇటుక రంగు. దీన్లో రెండు రకాలుంటాయి. ఒకటి చెత్త, ఒకటి బంగారం."

"ఏదైతే నాకేం?"

"తెలుసుకుంటే పోయేదేముంది? చూసి రేపిచ్చేస్తా."

వంటింట్లోంచి మరదలు అందుకుంది. "ఇచ్చెయ్ బావా. లేకపోతే ఈయన నిద్రపోడు, నన్ను పోనివ్వడు."

రకం తేల్చేది కాగితంలో దాగి ఉండే నీటిగుర్తు. స్టాంపును నల్లటి పళ్ళెంలో బోర్లించి పెట్రోలు చుక్క వేస్తే గాని అది కనబడదు. కవరుకు అంటుకుని ఉంటే అసలే కనబడదు. అందుకని నానబెట్టాడు. ఇన్నేళ్ళూ వాడు నానబెట్టినవి ఆఫీసు కవర్లు, టైపు కొట్టినవి. వాటి అక్షరం నీళ్ళకు చెక్కుచెదరదు. కలం సిరా సంగతి వాడికి తట్టలేదు. ఆ మూల కత్తిరించుకుని ఉంటే రాత మిగిలేది. కవరుకు కత్తెర తగలకూడదని జాగ్రత్తపడి, మొత్తం బేసిన్‌లో వేశాడు.

మర్నాడు తెచ్చి చేతిలో పెట్టాడు. రాత లేదు. నీలి మరక ఉంది.

"ఆరబెట్టి ఇస్త్రీ కూడా చేశాను అన్నయ్యా" అన్నాడు, నా మొహం చూడకుండా.

నీటిగుర్తు చూసినా వాడికి ఏమీ తేలలేదు. స్టాంపుల వ్యాపారి దగ్గరకు బయల్దేరాడు. ఆమె రాత దేనికి బదులుగా పోయిందో చూద్దామని నేనూ వెళ్ళాను.

మెట్ల కింద చిన్న గది. వ్యాపారి భూతద్దం పెట్టి చూశాడు, అంచు పళ్ళను కొలబద్దకు ఆనించాడు, వెనక్కి తిప్పాడు.

"మామూలుదే. ఈ రాజుగారి తలకాయలు నా దగ్గర సంచీల్లో ఉన్నాయి. కిలోల్లెక్కన కొంటాను. దీనికి టీ కూడా రాదు."

"మరి ఇటుక రంగు?"

"ఎండకు వెలిసింది బాబూ."

మా బీరువా కిటికీకి ఎదురుగా ఉంటుంది.

తర్వాత ఆయన నా చేతిలోని కవరు అందుకున్నాడు. దాని మీద నీళ్ళకు చెదరకుండా మిగిలిన సగం తపాలా ముద్రలో తేదీ చూసి కుర్చీలో ముందుకు జరిగాడు. "అరెరె! ఈ స్టాంపు చెల్లకుండా పోయిన ఎన్నో ఏళ్ళకు అంటించారే! గుమాస్తా చూసుకోకుండా ముద్ర గుద్దేశాడు. కవరు మీదే ఉంటే నాలాంటి పిచ్చివాళ్ళు ఎగబడేవాళ్ళు."

"మళ్ళీ అంటిస్తే?" అన్నాడు మా తోడల్లుడు.

"దొంగసరుకంటారు. అయినా చిరునామా ఏదయ్యా? ఇది ఎవరికెళ్ళిన ఉత్తరమని చెప్తావు?"

నాకు, అని నేననలేదు.

సాయంత్రం మరదలు వచ్చింది. మొగుడు వీధిలోనే తల దించుకుని నిలబడ్డాడు.

"తిట్టు బావా. కొట్టినా పడతాడు. ఇలా ఉలుకూ పలుకూ లేకుండా ఉండకు. అక్క ఉంటే నవ్వి ఊరుకునేది."

"అక్క లేదు" అన్నాను. తలుపు వేసుకున్నాను.

స్టాంపు వాడినే ఉంచుకోనిచ్చాను. కవరు మళ్ళీ బీరువాలో నిలబెట్టాను, మరక ఇవతలికి. వాళ్ళు కబురు పెడుతూనే ఉన్నారు. బదులు పంపను. అదేమిటని ఎవరైనా బీరువా వైపు చూపిస్తే కూడా చెప్పను. ఈ సంగతి ఇక నా నోట రాదు.