చేతి పోలిక

“ఆ పూట పుప్పొడి కుంచె పట్టింది నేనమ్మా, వాడు కాదు” అన్నారు బావగారు. గింజలు నాటిన రోజు నుంచీ, నాలుగేళ్లుగా ఇదే పాట.

“తోట పుస్తకంలో మీ తమ్ముడి రాత ఉంది బావగారూ” అంది చిన్నకోడలు, మొక్కలకి చీటీలు కడుతూనే. ఆవిడదీ పాత పాటే.

గొడవంతా నర్సరీలో పదకొండో వరస జామచెట్టు కోసం. ఒకే కాయ గింజలు రెండొందల ఎనభై నాటితే ఒకటి పులుపు, ఒకటి గింజలమయం, ఒకటి పురుగుల సత్రం. కాసినవి కాసినట్టు గొడ్డలికి పోయాయి. ఆలస్యంగా కాసిన ఇదొక్కటే మిగిలింది. దోరకాయే తేనెలా ఉంది, గింజలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొత్త రకం అమ్మితే సగం డబ్బు పుప్పొడి రుద్దిన చేతిదని మామగారు పెట్టిన కట్టుబాటు. ఆ సగం వస్తే చిన్నకోడలు తన గదిలోనే సొంత పొయ్యి పెట్టుకుని బతకొచ్చు. రాకపోతే మొగుడు పోయిన మనిషికి బావగారి వంటింట్లో ఓ మూల.

ఎవరి చెయ్యో పండే చెబుతుంది. మామగారు, చిన్నకొడుకు రుద్దినవి వాళ్లలాగే పుట్టుమచ్చతో పండేవి. బావగారివి తొడిమ పక్కన ఉలిపిరికాయతో. అన్ని చెట్లకీ రాదు, మనవలందరికీ తాత ముక్కు రానట్టే.

రకం కొనడానికి వ్యాపారి వచ్చిన పొద్దున మొదటి పండు రంగు తిరిగింది. మచ్చ లేదు. ఉలిపిరికాయా లేదు. చిన్నకోడలు బొటనవేలితో మెల్లిగా నొక్కింది. పండు నవ్వినట్టు ఎడమ పక్కన సొట్ట పడింది.

అలాంటి ఒంటి సొట్ట ఆ తోటలో ఒక్కరికే ఉంది. పూలకి కాగితం సంచులు కట్టే సంచులావిడకి.

“పురుగు కుట్టిందందాం. చెరిసగం తీసుకుందాం” అని గొణిగారు బావగారు. నాలుగేళ్లలో మొదటిసారి ఇద్దరిదీ ఒకే మాట కావచ్చు. గది మిగులుతుంది.

చిన్నకోడలు సంచులావిడని పిలిచి అడిగింది.

“చిన్నయ్యగారు ఆ పూట షెడ్డులో నిద్రపోయారమ్మా. లేపితే తిట్టారు. పూత మధ్యాహ్నం దాకా ఆగదు కదా, నేనే రుద్దాను. లేచాక పుస్తకంలో ఆయన తన పేరు రాసుకున్నారు.”

చిన్నకోడలు మొగుడి మీద ఒట్టేసి నాలుగేళ్లు అరిచింది, నిద్రపోయిన మనిషి కోసం. ఆవిడ వ్యాపారి వైపు తిరిగింది.

“చెయ్యి ఈవిడది. బావగారూ, లెక్కపెట్టండి.”

బావగారు పాలిపోయిన మొహంతో, వ్యాపారి ఇచ్చిన డబ్బులో సగం లెక్కపెట్టారు. రెండు లక్షల పది వేలు. సంచులావిడ తీసుకుంది, కానీ కదల్లేదు.

“ఇంకేంటి?” అంది చిన్నకోడలు.

“ఆ పూట సంచుల కూలే ఇచ్చారమ్మా. పుప్పొడి కూలి ఇవ్వలేదు.” ఎడమ బుగ్గన సొట్ట పడింది.

గది రేపు ఖాళీ చెయ్యొచ్చు. చిన్నకోడలు చిల్లర డబ్బా తెచ్చి, మొగుడి బాకీ, నాణేలతో సహా ఆవిడ చేతిలో పెట్టింది. ఎనభై ఐదు రూపాయలు.