విమానమెక్కిన పుట్టింటి చీర

హిందూపురంలో నన్నెరిగిన వాళ్ళెవరినైనా అడగండి, భాస్కరయ్య దగ్గర విమానం మాటెత్తితే కొట్టడానికి వస్తాడని చెబుతారు. అబద్ధం. కొట్టను, తిడతానంతే. చింతపండు మండీ నడిపేవాణ్ణి, నా కాళ్ళు నేల మీద ఉంటేనే నాకు నిద్ర పడుతుంది.

ఊరికే భయపడే మనిషిని కూడా కాను. తొంభై అయిదులో ఏదో వర్తక సంఘం మీటింగని బెంగళూరు నుంచి హైదరాబాదుకు విమానం టికెట్టు తీసి చేతిలో పెట్టారు. అందర్నీ ఎక్కించి, బెల్టులు కట్టించి, చాక్లెట్లు పంచి, తీరా ఇంజనులో ఏదో లోపముందని దించేశారు. ఎవరో వచ్చి మూత తీసి ఏదో బిగించారు. ఇంకో విమానం తెస్తారు కాబోలనుకున్నాను. మళ్ళీ అదే ఎక్కమన్నారు! నా అంబాసిడర్ కారు బాగు చేశాక మెకానిక్ ఈరప్ప ఊరి బయటిదాకా ఒక చుట్టు తిప్పి చూస్తేగానీ తాళం నా చేతికివ్వడు. వీళ్ళు ఆ పాటి చుట్టు కూడా తిప్పకుండా మనుషుల్ని నింపి ఎగరేస్తారట. "ముందు మీరొక రౌండు పోయి రాండి, ఆమీట ఎక్కుతా" అన్నాను. అక్కడున్న అమ్మాయి నవ్వింది. నాకేం నవ్వు రాలేదు. నేరుగా బస్టాండుకు పోయి బస్సెక్కి, మీటింగు ముగిసి అందరూ చేతులు కడుక్కుంటుండగా హైదరాబాదు చేరాను.

మా చెల్లెలు రామసుబ్బమ్మ కాపురం నాగపూర్‌లో. ఆమె భర్త మురళీధర్‌ది పెనుకొండే గానీ బ్యాంకు ఉద్యోగం అక్కడ స్థిరపడింది. పిల్లను అంత దూరం ఇచ్చారేమని బంధువులు గొణిగారు. నాకు మాత్రం దూరమనిపించలేదు. పెనుకొండ దగ్గర పెద్దరోడ్డు ఎక్కితే గుత్తి, కర్నూలు, హైదరాబాదు, నిర్మల్, ఆదిలాబాదు మీదుగా నాగపూర్ దాకా ఒకటే రోడ్డు. ఏడాదికొకసారి నేనే కారు తోలుకుంటూ పోయి సుబ్బమ్మను పిలుచుకొచ్చేవాణ్ణి, మళ్ళీ నేనే దిగబెట్టేవాణ్ణి. ముందు సీట్లో కాళ్ళు పైకి ముడుచుకొని కూర్చొని దారంతా మాట్లాడేది. అత్తగారింట్లో చెప్పుకోలేనివీ, మా ఇంట్లో నా భార్య ముందు నోరు విప్పలేనివీ అన్నీ ఆ కారులోనే బయటికొచ్చేవి. నిర్మల్ కనుమలో ఏడిస్తే కర్నూలు వచ్చేసరికి నవ్వేది. ఇంకో నలుగురి ముందు కూర్చున్నప్పుడు మేం అన్నాచెల్లెళ్ళం పెద్దగా మాట్లాడుకున్నది లేదు. మా మాటలన్నీ రోడ్డు మీదే.

ఆమె కొత్త ఇంటి గృహప్రవేశానికి మురళీధర్ నాకు విమానం టికెట్టు పంపాడు. తిప్పి పంపాను. ఆమె కూతురు రూప పెండ్లికీ కారులోనే పోయాను. ఆదిలాబాదు దాటాక కారు మొరాయించి, నేను పెండ్లి పందిట్లో కాలు పెట్టేసరికి తలంబ్రాలు అయిపోయాయి. అందరూ నా మీద విరుచుకుపడ్డారు. సుబ్బమ్మ ఒక్కతే "వచ్చినాడు గదా, గమ్మునుండండి" అనింది.

రెండువేల రెండు, శ్రావణమాసం. మండీలో ఉండగా మురళీధర్ ఫోన్ చేశాడు.

"బావా, సుబ్బమ్మను డాక్టర్లు ఇంటికి పిలుచుకొని పొమ్మన్నారు. మాట తెలుస్తాండాది గానీ, ఎంతసేపు ఉంటాదో చెప్పలేమంటాండారు. నువ్వు వచ్చేటప్పుడు..." అని ఆగిపోయాడు.

"వచ్చేటప్పుడు ఏమప్పా?"

"మళ్ళా పోయి తేవల్లంటే కాదు గదా బావా. అది గూడా తెచ్చుకో."

ఏది అని నేను అడగలేదు. మాలో ఆడపిల్ల ముత్తైదువగా పోతే పుట్టింటి చీర కప్పితేగానీ ఇంట్లోంచి తీసుకుపోరు. తండ్రి లేకుంటే అన్న తేవాలి. ఆ చీరకు బేరమాడకూడదు. కొన్నాక మన గడప లోపలికి తేకూడదు. ఆమె ప్రాణం పోయేదాకా ఆమె గడప కూడా దాటించకూడదు. మనిషి పోయాక కొనే చీర అది. దాన్ని ముందే కొనుక్కొని రమ్మంటాడేమి వీడు!

"బతికుండే చెల్లెలికి చావుచీర తెమ్మంటావా? నోరెట్లా వచ్చింది నీకు?" అని మండీ అదిరిపోయేలా అరిచాను. మురళీధర్ ఏడుస్తున్నాడు.

నా భార్య సరస్వతమ్మ సంగతంతా విని, "అరిచింది చాలు. రోడ్డు మీద పోతే అందుకోలేరు. విమానమెక్కండి" అంది. ఎక్కనని ఆ రోజు నేను అనలేదు. సుబ్బమ్మ కళ్ళు తెరిచి ఉండగా నేను కనబడాలి. నా చేతిలో ఏముందో మాత్రం ఆమెకు తెలియకూడదు. అన్నే తన చావు కోసం కాచుకొని కూర్చున్నాడనుకుంటూ పోకూడదు. నాకు కావలసింది ఆ రెండే.

ధర్మవరంలో సంజీవప్ప దగ్గర తప్ప మేం పట్టుచీర కొనం. మా ఇంట్లో ప్రతి పెండ్లికీ అతనితో పొద్దున మొదలుపెట్టిన బేరం మధ్యాహ్నం భోజనాల దాకా సాగేది. నేను లేచిపోయినట్టు లేస్తే, అతను పోనిచ్చినట్టు పోనిచ్చి, మెట్ల దగ్గర పిలిచేవాడు. ఆ రోజు ఎర్రచీర, పసుపు అంచుది తీయమన్నాను. ధర చెప్పాడు. నోరెత్తకుండా దుడ్లు తీసి ముందు పెట్టాను. సంజీవప్ప ఎంచలేదు. నా మొహంలోకి చూశాడు.

"ఎవురప్పా?"

"సుబ్బమ్మ."

చీరను గుడ్డసంచిలో పెట్టి రెండు చేతులతో అందించాడు. ఎప్పుడూ "మళ్ళా రాండి" అనేవాడు, ఆ మాట అనలేదు. నేను ఇంటి వైపు తిరగకుండా పెనుకొండకు వచ్చాను. పెద్దరోడ్డు ఎక్కేచోట నా చేతులు స్టీరింగును అలవాటుగా ఉత్తరానికే తిప్పబోయాయి. తిట్టుకొని బెంగళూరు వైపు తిప్పాను.

ఎయిర్‌పోర్టులో సంచి మిషన్‌లో పెట్టించి, దాని పిడికి ఒక అట్టముక్క కట్టి ముద్ర కొట్టారు. విమానంలో కూర్చున్నాక అసలు రగడ మొదలైంది. సంచి ఒడిలో పెట్టుకోకూడదట, పైన అరలో పెట్టాలట. పైన పెడితే కింద కూర్చున్న వాళ్ళ నెత్తి మీద ఉంటుంది. ముక్కూమొహం తెలియని వాళ్ళ నెత్తిన చావుచీర పెట్టడానికి నేనెవరిని? పెట్టనన్నాను. అయితే కాళ్ళ దగ్గర సీటు కింద పెట్టమంది విమానంలో పనిచేసే అమ్మాయి. చెల్లెలి చీర కాళ్ళ దగ్గరా! అదీ కుదరదన్నాను. ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి నన్నూ సంచినీ మార్చి మార్చి చూశాడు. సంచిలో ఏదో ఉందని గుసగుసలు బయలుదేరాయి. ఇక నన్ను దించేస్తారనుకున్నాను. దించితే ఇంకేముంది?

ఆ అమ్మాయి పక్కవాళ్ళతో కన్నడంలో మాట్లాడడం విన్నాను. హిందూపురం వాడికి కన్నడం రాకపోతే ఎట్లా? ఆమెను దగ్గరికి వంగమని, చెవిలో కన్నడంలోనే ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ పిల్ల తమ తుమకూరు వైపూ ఈ పద్ధతి ఉందని మెల్లగా చెప్పింది. నా పక్క సీటు ఖాళీ. సంచిని నా దగ్గర్నుంచి రెండు చేతులా తీసుకొని ఆ సీట్లో పెట్టి, మనిషికి కట్టినట్టు బెల్టు కట్టింది. నిబంధనలు ఏమంటాయో నాకు తెలియదు. ఆ తల్లి చల్లగా ఉండాలి.

ముంబైలో దిగి ఇంకో విమానం ఎక్కాలి. అది వానమబ్బుల్లో పడి ఒకటే కుదుపు. ఉన్నట్టుండి కిందికి జారింది, అందరూ కేకలు పెట్టారు. దేవుడి పేరు ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఈసారి ఎవరి కంటా పడకుండా కండువా కింద దాచుకున్న సంచిని రెండు చేతులతో గుండెకు అదుముకొని, నేను ఇక్కడే పోతే దీన్ని ఎవరు చేరుస్తారు, సుబ్బమ్మకు పుట్టిల్లు లేనట్టే గదా అని ఏడ్చాను. చూసినవాళ్ళు చూడనీ.

నాగపూర్‌లో ఆటో దిగాక సంచిని వరండా బయట గోడ మేకుకు తగిలించి లోపలికి పోయాను.

సుబ్బమ్మ మంచం మీద చిన్నపిల్లంత ఉంది. కళ్ళు మాత్రం అవే. నన్ను చూడగానే చెయ్యి ఎత్తబోయింది, చెయ్యి లేవలేదు. నేనే పట్టుకున్నాను.

"అన్నా, కారు శబ్దం వినపడలేదే? యాడ నిలిపినావు?"

విమానమని చెబితే కంగారు పడుతుందని నోటికొచ్చింది చెప్పాను. "ఆదిలాబాదులో రిపేరుకిచ్చి బస్సులో వచ్చినా. దాని సంగతి నీకు తెలీనిదా?"

"దాన్ని అమ్మేయప్పా" అని నవ్వింది. ఆ నవ్వు చూసి, అందుకున్నాను కదా అని నా ప్రాణం కుదుటపడింది.

అంతలో రూప లోపలికి వచ్చింది. నాగపూర్‌లో పుట్టి పెరిగిన పిల్ల, మన ఆచారాలు ఎవరు చెప్పారు దానికి? "మామా, సంచి బయటే మర్చిపోయినారు" అని తెచ్చి మంచం మీద పెట్టేసింది. నేను లేచేలోపే తెరిచింది. "అమ్మా, మామ నీకు చీర తెచ్చినారు! ఎంత బాగుండాదో చూడు!" వాకిట్లో నిలబడ్డ మురళీధర్ గోడకు ఆనుకున్నాడు.

సుబ్బమ్మ చీరను చూడలేదు. సంచి పిడికి వేలాడుతున్న అట్టముక్కను చూసింది. దాని మీద విమానం బొమ్మ. అన్నీ జాగ్రత్తగా చేసుకొచ్చిన వెధవను, దాన్ని తెంపేయాలన్న ఆలోచనే రాలేదు నాకు.

"రూపా, మామకు కాఫీ పెట్టుకొని రాపో" అంది. ఆ పిల్ల పోయాక నా వైపు తిరిగింది.

"నా గృహప్రవేశానికి ఎక్కలేదు. రూప పెండ్లికి ఎక్కలేదు. ఈయన టికెట్టు పంపిస్తే తిప్పి పంపినావు. అట్లాంటోనివి ఇప్పుడు విమానమెక్కి వచ్చినావంటే, ఇది ఏం చీరో నాకు తెలీదా అన్నా?"

యాభై దాటిన మొగోణ్ణి, ఆమె మంచం కోడు పట్టుకొని ఎక్కెక్కి ఏడ్చాను. "తప్పయిపాయె సుబ్బమ్మా. నేను తేనన్నా. నువ్వుండంగానే తెచ్చేదానికి నా చేతులు..."

"యాలప్పా ఏడుస్తావు? తేకుంటే అప్పుడు ఏడుద్దువు" అంది. కాసేపు ఊపిరి తీసుకుంది. "విమానంలో భయమాయెనా?"

"ఆయె."

"శానా?"

"శానా."

"అయినా ఎక్కినావు సూడు." ఆ మాటతో ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటిదాకా లేవు.

తర్వాత చీర అంచు తడిమి చూసి, "రూపతో కట్టిచ్చు" అంది.

"నోరు ముయ్. ఎవరైనా కడతారా దీన్ని!" అని అరిచాను. చావు ముందర కూడా నా నోరు ఊరుకోదు.

"నేను పోయినాక కప్పితే నాకు కనపడతాదా? నా కోసం నువ్వు గాల్లో ఎగిరి తెచ్చిన చీర. నేను చూసుకోవల్ల. కట్టియ్యి."

కాఫీ తెచ్చిన రూప చేతికి చీర నేనే అందించాను. ఆ పిల్ల సంగతేమీ తెలియకుండానే, నవ్వుతూ తల్లిని ఒడిసిపట్టుకొని కూర్చోబెట్టి చీర చుట్టింది. పైటకు పిన్ను పెట్టింది. సుబ్బమ్మ అద్దం అడిగింది. చాలాసేపు చూసుకుంది. "ఎరుపు నాకు బాగుంటుందని అమ్మ అనేది" అంది. ఆ చీరతోనే పడుకుంది. ఆ తర్వాత విప్పనివ్వలేదు. నేను పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాను. కారులో మాట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నాం, ఆమెకు ఓపిక ఉన్నంతసేపు.

ఆ వారం గడవకముందే పోయింది.

జబ్బు సంగతి విని పెనుకొండ నుంచి ముందే బయలుదేరిన మురళీధర్ మేనత్త కదిరమ్మ ఆ పూటే దిగింది. ముసలామె, ఆచారం ఎరిగిన మనిషి. రాగానే అంతా ఒకసారి చూసి నన్ను అడిగింది.

"పుట్టింటి చీర యాడుండాది భాస్కరయ్యా?"

"కట్టుకోనే ఉండాది గదా అత్తా."

"అది కట్టి నలిగిన చీర. పనికిరాదు. కొత్తది కప్పల్ల. బజార్లో అన్నా ఒకటి తెప్పించు. పుట్టింటి చీర లేకుండా పంపిచ్చినారని రేపు నలుగురూ నిన్నే అంటారు."

"అననీ. ఎంతమంది ఆడోళ్ళకు పుట్టింటి చీరలు కప్పింటారు మీరు? ఒక్కరైనా దాన్ని కండ్లతో చూసుకున్నారా? మా సుబ్బమ్మ చూసుకునింది. చేత్తో తడిమి, అద్దంలో చూసుకొని బాగుందనింది. ఇంగ దాన్ని ఎవురూ ముట్టుకునేది లేదు."

మురళీధర్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కదిరమ్మ సుబ్బమ్మ దగ్గరికి పోయి వంగి, నలిగిన కుచ్చిళ్ళను చేత్తో సాపు చేసింది. ఆ చీరలోనే తీసుకుపోయాం.